కాగితం విలువ, మాట విలువ
(సర్ అక్బర్ హైదరీ జీవిత రేఖలు)

హైదరాబాదు నుండి కర్నూలుకు పోయే రహదారిలో బీచుపల్లి వద్ద కృష్ణవేణిని దర్శించని బాటసారి ఉండడు. ఈ ఒడ్డున ఆంజనేయస్వామి ఆలయం, స్నానఘట్టం. ఆవలి ఒడ్డున వనపర్తి సీమ. ఈవల గద్వాల సీమ. వంతెన లేని రోజులలో మన పెద్దలు పుట్టిలో కూర్చుండి ఈ ప్రవాహాన్ని దాటేవారు. ఒకమారు మేము మా విద్యార్థులతో అక్కడికి విహారయాత్రకు వెళ్ళిన సందర్భంలో, గద్వాల ప్రాంతం నుండి వచ్చిన ఒక విద్యార్థి తన ముత్తాతగారి సందుకపెట్టెలో దొరికిన ఒక పాత కాగితాన్ని పుస్తకం మడతలోనుండి తీసి మాకు చూపించాడు. అది నిజాం ప్రభుత్వపు పది రూపాయల నోటు. మన పెద్దలు హాలీ రూపాయలని వ్యవహరించిన ఉస్మానియా సిక్కాకు చెందినది. దానిపై ఉర్దూ అక్షరాలు ప్రధానంగా ఉన్నాయి. వాటితోపాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలలోను, ఆంగ్లంలోను దాని విలువ ముద్రితమై ఉన్నది.

ఆ బాలుడు మమ్ములను రెండు ప్రశ్నలు అడిగాడు. ఇన్నేళ్ళయినా ఈ కాగితం ఎందుకు చెడలేదు? చెడని కాగితం ఇప్పుడు ఎందుకు చెల్లదు? చూడడానికి చిన్న ప్రశ్నలే. కాని అర్థశాస్త్రమంతా ఈ రెండింటి నడుమ ఇమిడి ఉన్నదని మాకు తోచింది. నోటుపై ఉన్న సంతకాన్ని పరిశీలించగా హైదర్ నవాజ్ జంగ్ అని ఉన్నది. ఈ బిరుదు నామాన్ని ధరించినవారే సర్ అక్బర్ హైదరీ. ఆ ప్రశ్నలకు సమాధానం ఆ మహాశయుని జీవితంలోనే కొంత లభిస్తుందనే నమ్మకంతో ఈ వ్యాసాన్ని మా విద్యార్థుల ముందుంచుతున్నాము.

జననం, విద్య, తొలి ఉద్యోగాలు

మహమ్మద్ అక్బర్ నజర్ అలీ హైదరీ 1869వ సంవత్సరం నవంబరు 8వ తేదీన బొంబాయి నగరంలో, వర్తకానికి పేరొందిన సులేమానీ బోహ్రా కుటుంబంలో జన్మించారు. బొంబాయి సెయింట్ జేవియర్స్ కళాశాలలో చదివి చిన్న వయస్సులోనే పట్టభద్రులై, 1888లో భారత ప్రభుత్వ ఆర్థిక శాఖలో ప్రవేశించారు. అప్పటికి ఆయనకు ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ తరువాత పదిహేడేళ్ళపాటు వివిధ రాష్ట్రాలలో ఆయన చేసినది లెక్కల ఉద్యోగమే. ఖజానా పుస్తకాలలో జమాఖర్చులు సరిచూచుట, తేడా వచ్చినచోట కారణం అడుగుట, కారణం చెప్పనివారిని వదలకుండుట: ఈ అభ్యాసమే ఆయనకు రెండవ విద్యాలయమైనది.

ఆయన అర్ధాంగి అమీనా బేగం, కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ తయ్యబ్జీగారి కుటుంబానికి చెందిన విదుషీమణి. 1905లో హైదరీగారి సేవలను భారత ప్రభుత్వం హైదరాబాదు సంస్థానానికి ఎరువిచ్చింది. అకౌంటెంట్ జనరల్‌గా వచ్చిన ఆయన ఈ గడ్డనే తన కార్యక్షేత్రం చేసుకొన్నారు. 1908 సెప్టెంబరులో మూసీ నది పొంగి నగరాన్ని ముంచినప్పుడు అమీనా బేగం బాధితులకు చేసిన సేవకు గుర్తింపుగా ప్రభుత్వం కైసర్-ఎ-హింద్ పతకాన్ని ప్రదానం చేసింది. దంపతులిద్దరిలో ఒకరు ఖజానాకు, ఒకరు దుఃఖితులకు కాపుగా నిలిచారనుట అతిశయోక్తి కాదు.

రెండు ఒడ్లు, రెండు నాణెములు

హైదరీగారి కృషిని గ్రహించాలంటే అంతకు పూర్వం మన సీమలో ధనం ఎట్లా నడిచినదో తెలుసుకొనుట అవసరం. పందొమ్మిదవ శతాబ్దిలో గద్వాల సంస్థానానికి సొంత టంకశాల ఉండేది. వనపర్తి సంస్థానపు నాణెములు సూగూరు నాణెములుగా ప్రసిద్ధి పొందాయి. నారాయణపేటలోనూ టంకశాల ఉండేది. అనగా బీచుపల్లి రేవులో ఈ ఒడ్డున ఒక నాణెం, ఆ ఒడ్డున ఒక నాణెం. నాణెం మార్చుకొన్నప్పుడల్లా షరాబు దానిని గలగలలాడించి చూచి, వెండి వాసి తరుగని వట్టం పట్టుకొని మరీ ఇచ్చేవాడు. 1853 నుండి 1883 వరకు దివానుగా ఉన్న మొదటి సాలార్జంగు ఈ స్థానిక టంకశాలలను మూయించి, నాణెముల ముద్రణను హైదరాబాదు నగరంలో కేంద్రీకరింపజేశారు. 1903లో సైఫాబాదులో యంత్రసహితమైన టంకశాల వెలసింది. అక్కడినుండి వెలువడిన చార్మినారు గుర్తు రూపాయి జనుల నోళ్ళలో హాలీ రూపాయిగా స్థిరపడింది.

అయినా చిక్కు తీరలేదు. తుంగభద్ర దాటితే కర్నూలు జిల్లా. అది ఆంగ్లేయుల ఏలుబడి. అక్కడ చెల్లేది కల్దారు రూపాయి. 100 కల్దారు రూపాయలకు 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు మారకం. గద్వాల వర్తకుడు వేరుసెనగ అమ్మడానికి కర్నూలు పోయినా, కర్నూలు వ్యాపారి చీరలు కొనడానికి గద్వాల వచ్చినా ఈ గుణకారం తప్పేది కాదు. ఆ మారకపు రేటు నిలకడగా ఉండుట మీద సామాన్యుని బ్రతుకు ఎంతగా ఆధారపడి ఉండేదో దీనినిబట్టి ఊహించవచ్చును.

నోటు పుట్టుక

కాగితపు ధనం ప్రపంచానికి కొత్త కాదు. కాగితానికి పుట్టినిల్లయిన చీనా దేశంలో పదకొండవ శతాబ్దినాటికే ప్రభుత్వ నోట్లు నడిచాయి. మన దేశంలో సుమారు 1330 ప్రాంతంలో మహమ్మద్ బిన్ తుగ్లక్ రాగి, ఇత్తడి బిళ్ళలను వెండి టంకముల విలువకు చెల్లించమని శాసించాడు. వాటిని ఎవరైనా పోతపోయగల వీలుండుటచేత ఇంటింటా దొంగ టంకశాలలు వెలసి, కొద్ది ఏళ్ళలోనే ఆ ప్రయోగం విఫలమైనది. సుల్తాను ఊహ తెలివైనదే. కాని అనుకరణకు లొంగని పదార్థం ఆయన చేతిలో లేకపోయినది. దౌలతాబాదు చేరువన ఉన్న కాగజీపురా కాగితపు పనివారు తుగ్లక్ కాలంనుండి తమ వృత్తిని చెప్పుకొంటారు. ఆ గ్రామం కూడ తరువాతి కాలంలో నిజాం రాజ్యంలోనిదే కావడం గమనింపదగినది.

హైదరాబాదులో నోట్లు వేయాలన్న యత్నాలు పూర్వం సాగినా ఆంగ్ల ప్రభుత్వం సమ్మతించలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై, రూపాయలు పోతపోయుట కష్టమైనప్పుడు, యుద్ధంలో నిజాం ప్రభుత్వం చేసిన సహాయాన్ని కూడ పరిగణించి అనుమతి లభించింది. 1918లో హైదరాబాదు కరెన్సీ చట్టం క్రింద 10, 100 రూపాయల నోట్లు, 1919లో 1, 5 రూపాయల నోట్లు వెలువడినాయి. అప్పటికి ఆర్థిక శాఖను నిర్వహించినవారు రెజినాల్డ్ గ్లాన్సీ. హైదరీగారు అప్పుడు హోం శాఖ కార్యదర్శి. నోట్లు ఇంగ్లండులోని వాటర్లో అండ్ సన్స్ అనే ముద్రణాలయంలో తయారై ఓడలలో వచ్చేవి. 1921లో హైదరీగారు నిజాం కార్యనిర్వాహక మండలిలో ఆర్థిక, రైల్వే శాఖల సభ్యులైన తరువాత ఆయన సంతకం ఈ నోట్లపైకి వచ్చింది. 1926లో వెయ్యి రూపాయల నోటు కూడ వెలువడింది.

నోటు కాగితం రహస్యం

ఇక మా విద్యార్థి మొదటి ప్రశ్న. మనం వ్రాసుకొనే కాగితం వెదురు గుజ్జు, కలప గుజ్జులతో అవుతుంది. దాని పోగులు పొట్టివి. తడిస్తే విడిపోతాయి, నాలుగు మడతలకు చిరుగుతాయి. నోటు కాగితానికి ఆధారం ప్రత్తి. పూర్వం నూలు, అవిసె నార గుడ్డ పేలికలను ఏరి, ముక్కలు చేసి, క్షారజలంలో ఉడికించి, కడిగి, నీటితో కలిపి గంటల తరబడి దంచేవారు. దంచగా దంచగా పోగులు చీలి, ఒకదానిలో ఒకటి చిక్కుకొనే గుణం పొందుతాయి. ఆ పలుచని గుజ్జును సన్నని తీగల జల్లెడపై పారించి నీటిని వడకడితే మిగిలే పొరయే కాగితం.

ఆ తీగల జల్లెడలోనే అసలు రహస్యమున్నది. తీగలను కొన్నిచోట్ల ఎత్తుగా, కొన్నిచోట్ల పల్లంగా మలుస్తారు. ఎత్తయినచోట గుజ్జు పలుచగా, పల్లమైనచోట దట్టంగా నిలుస్తుంది. ఆరిన తరువాత వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పలుచని చోట వెలుగు, దట్టమైన చోట నీడ ఏర్పడి బొమ్మ కనబడుతుంది. దీనినే జలచిహ్నం లేక నీటిగుర్తు అంటారు. ఇది కాగితం పుట్టేటప్పుడే దాని శరీరంలో కలిసిపోయిన గుర్తు. పందొమ్మిదవ శతాబ్దిలో ఛాయాచిత్ర కళ వచ్చిన పిదప ఎట్టి ముద్రణనైనా నకలు తీయగల నేర్పు దొంగలకు అబ్బింది. కాని కాగితపు పుట్టుకనే నకలు తీయుట అంత సులభం కాలేదు. పిమ్మట కాగితాన్ని జిగురు నీటిలో ముంచి ఆరబెడతారు. దానివలన సిరా పాకదు, చెమట చేతులలో నలిగినా తొందరగా మాయదు. 1940లో బాంక్ ఆఫ్ ఇంగ్లండు వారు కాగితంలోనే సన్నని లోహపు పట్టీని పొదిగించి మరొక కట్టుబాటు చేర్చారు.

గద్వాల చీరను చేతపట్టి చూచినవారికి ఈ విషయం చెప్పనక్కరలేదు. పట్టు అంచుకు అందం ఎంత ఉన్నా, చీర ఒడలిని మోసేది నూలే. మన సీమ చేలలో పూచే ఆ ప్రత్తియే చీర ఒడలిలోను, నోటు ఒడలిలోను ఉన్నది. నేటికీ మన భారతదేశపు నోట్ల కాగితం నూటికి నూరుపాళ్ళు ప్రత్తి పోగులతోనే తయారవుతున్నది.

సముద్ర గర్భంలో పదేళ్ళు

ఈ కాగితానికి అగ్నిపరీక్ష జరిగింది నిప్పులో కాదు, నీటిలో. 1922 మే నెలలో ఈజిప్టు అనే ప్రయాణికుల ఓడ లండను రేవు ప్రాంతంనుండి బొంబాయికి బయలుదేరింది. అందులో పది లక్షల పౌనులకు మించిన విలువగల బంగారం, వెండి ఉన్నాయి. వాటితోపాటు నిజాం ప్రభుత్వానికై ముద్రించిన నోట్ల కట్టలూ ఉన్నాయి. మే 20వ తేదీ సాయంకాలం ఫ్రాన్సు తీరానికి సమీపంలో దట్టమైన పొగమంచులో సేన్ అనే ఫ్రెంచి సరుకు ఓడ దానిని ఢీకొన్నది. ఇరవై నిమిషాలలోపే ఓడ మునిగిపోయినది. ఎనభై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అధికులు ఓడ సిబ్బంది. హైదరీగారు ఆర్థిక బాధ్యత చేపట్టి అప్పటికి ఏడాది మాత్రమే.

వంద మీటర్లకు మించిన లోతున పడిన ఆ నిధిని వెలికితీయుట అసాధ్యమని అందరూ భావించారు. ఇటలీ దేశపు ఆర్టిగ్లియో అనే ఓడవారు పట్టువదలక 1930లో మునిగిన ఓడ స్థలాన్ని కనుగొన్నారు. ఆ సంవత్సరం డిసెంబరులోనే మరొక శిథిల నౌకను పేల్చే ప్రయత్నంలో ఆర్టిగ్లియో నాశనమై, ఆరితేరిన గజఈతగాండ్రు పలువురు మరణించారు. మిగిలినవారు మరొక ఓడకు అదే పేరు పెట్టుకొని వచ్చి, 1932 జూన్‌లో బంగారాన్ని పైకి తీశారు. దానితోపాటు హైదరాబాదు నోట్లు కూడ పైకి వచ్చాయి. పదేళ్ళు ఉప్పునీటి అడుగున ఉన్నా అవి కరగలేదు. మరకలు పడినా ముద్ర తెలిసేటట్లే ఉన్నాయి. కట్టలుగా బిగించి ఉండుట కొంత రక్షణ కావచ్చును. కాని మామూలు కాగితమైతే ఎంత బిగించినా ముద్దయి పోయి ఉండేదే.

అయితే విద్యార్థులు గమనింపవలసినది ఇక్కడనే ఉన్నది. బంగారం పైకి రాగానే బంగారమే. నోట్లు మాత్రం పైకి వచ్చినా డబ్బు కాలేదు. అవి ఇంకా హైదరాబాదు ఖజానా నుండి జారీ కానివి. వాటి వెనుక ఏ ప్రభుత్వమూ చెల్లిస్తానని మాట ఇవ్వలేదు. కాబట్టి అవి వింత వస్తువులుగా, నాణెములు సేకరించే వారి పెట్టెలకు చేరాయి. కాగితం చెడకపోవుట వేరు, కాగితం చెల్లుట వేరు. మొదటిది ప్రత్తికి, పనివాని నేర్పుకు సంబంధించినది. రెండవది ఖజానా కాపరి నిజాయితీకి సంబంధించినది.

ఖజానా కాపరి

ఆ కాపరి పనిని హైదరీగారు ఎట్లా నిర్వహించారో చూద్దాము. నోటు తెచ్చినవానికి రూపాయలు లెక్కపెట్టి ఇవ్వడానికి వీలుగా వెండి నాణెములు, ప్రభుత్వ ఋణపత్రాలతో కూడిన కాగితపు కరెన్సీ నిధి ఉండేది. హాలీ, కల్దారుల మారకపు రేటు ఊగిసలాడకుండా సిక్కా స్థిరీకరణ నిధి మరొకటి. కరువు వచ్చినప్పుడు వాడుకొనుటకు ఒక నిధి, పరిశ్రమల పెంపునకు ఒక నిధి, అప్పు తీర్చుటకు ఒక నిధి ఉండేవి. ఒక్కొక్క శాఖకు మూడేసి సంవత్సరాలకు ఖర్చు ముందుగా నిర్ణయించి, ఆ మేరకు వారికి స్వేచ్ఛనిచ్చి, ఆ హద్దు దాటనీయని పద్ధతిని ఆయన ప్రవేశపెట్టారు. ఇల్లాలు పోపుపెట్టెలో ఒక గిన్నె వైద్యానికి, ఒక గిన్నె పిల్లల చదువుకు అని చిల్లర వేరువేరుగా దాచుకొన్నట్లు ఆయన ఒక రాజ్యపు ధనాన్ని దాచారు.

1930లో అంతవరకు ఆంగ్ల కంపెనీ చేతిలో ఉన్న రైల్వేను సంస్థాన ప్రభుత్వం కొనుగోలు చేయుట ఆయన ఆర్థిక నీతి ఫలితమే. 1929లో ఏర్పడిన పారిశ్రామిక నిధి అండతో పెక్కు కర్మాగారాలు వెలసినాయి. 1938లో స్థాపితమైన సిర్పూరు కాగితపు మిల్లు వాటిలో ఒకటి. అక్కడి ఊరికి కాగజ్‌నగర్ అన్న పేరే స్థిరపడింది. ఆ మిల్లు నోట్ల కాగితం చేయలేదు, వెదురుతో వ్రాత కాగితం చేసింది. తెలంగాణ బాలుని పలకను నోటుపుస్తకంగా మార్చిన కీర్తి దానిది.

విద్యాసేవ, ఒక విమర్శ

హోం శాఖ కార్యదర్శిగా ఉన్నప్పుడు 1917లో హైదరీగారు సమర్పించిన విజ్ఞాపన పత్రమే ఉస్మానియా విశ్వవిద్యాలయానికి బీజం. ఉన్నత విద్య పరాయి భాషలో కాక దేశభాషలో సాగాలని వాదించి, ఉర్దూను బోధనాభాషగా చేసి, గ్రంథాల అనువాదానికి ప్రత్యేక శాఖను నెలకొల్పజేసిన దూరదృష్టి వారిది. వైద్యం, ఇంజనీరింగు వంటి శాస్త్రాలు సైతం భారతీయ భాషలో బోధింపవచ్చునని ఆ విశ్వవిద్యాలయం నిరూపించింది.

కాని సత్యం చెప్పవలసినప్పుడు సగం చెప్పి ఊరకుండరాదు. సంస్థాన ప్రజలలో అధిక సంఖ్యాకుల మాతృభాష తెలుగు. మాతృభాషకై చేసిన ఆ వాదన తెలుగు బిడ్డకు వర్తించలేదు. తెలుగు శాఖలో రాయప్రోలు సుబ్బారావుగారి వంటి మహాకవి ఆచార్యత్వం వహించినా, గద్వాల, వనపర్తి గ్రామాల బాలునికి ఉర్దూ కూడ ఒక నేర్చుకోవలసిన భాషగానే ఉండిపోయినది. నోటుపై తెలుగుకు దొరికిన చోటు తరగతి గదిలో దొరకలేదు. 1937లో హైదరీగారు ప్రధానమంత్రి అయిన తరువాత 1938లో స్టేట్ కాంగ్రెసుపై నిషేధం విధింపబడినది. అదే ఏడాది వందేమాతరం గీతాన్ని ఆలపించిన విద్యార్థులు ఉస్మానియానుండి బహిష్కృతులైనారు. వారిలో పలువురు నాగపూరు విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించారు. లెక్కలలో ఇచ్చిన మాట తప్పని ప్రభుత్వం, ప్రజలు కోరిన బాధ్యతాయుత పాలన విషయంలో మాట ఇవ్వడానికే వెనుకాడింది. ఆయన ఒక రాజుకు విధేయుడైన మంత్రి. ఆ పరిమితిని మరువకుండానే ఆయన గొప్పతనాన్ని గ్రహించుట న్యాయం.

అస్తమయం

1928లో సర్ బిరుదం, 1936లో ప్రివీ కౌన్సిలు సభ్యత్వం ఆయనను వరించాయి. 1930 నుండి లండనులో జరిగిన రౌండు టేబులు సమావేశాలలో హైదరాబాదు ప్రతినిధి వర్గానికి నాయకత్వం వహించారు. 1941లో ప్రధానమంత్రి పదవి విడిచి వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో చేరిన కొద్ది నెలలకే, 1942 జనవరిలో ఢిల్లీలో కీర్తిశేషులైనారు. ఆయన కుమారుడు, అదే హైదరీ నామంతో ప్రసిద్ధుడైన సర్ మహమ్మద్ సాలెహ్ అక్బర్ హైదరీ, 1947లో అస్సాం గవర్నరుగా పనిచేశారు. తండ్రీకుమారులను ఒకరిగా పొరబడువారున్నందున ఈ మాట చెప్పవలసి వచ్చింది.

1928లో నాసిక్‌లో నోట్ల ముద్రణాలయం ఏర్పడిన పిమ్మట హైదరాబాదు నోట్లు కూడ అక్కడనే అచ్చయినాయి. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైన తరువాత హాలీ సిక్కాను క్రమంగా ఉపసంహరించారు. 1959 నాటికి దాని చెల్లుబాటు ముగిసింది. స్వతంత్ర భారతం 1968లో నర్మదా తీరాన హోషంగాబాదులో సొంత నోటు కాగితపు కర్మాగారాన్ని నెలకొల్పుకొన్నది. ఆ ఊరే నేటి నర్మదాపురం. ఇటీవలి కాలంలో మైసూరులో మరొకటి చేరింది.

ముగింపు

మా విద్యార్థి రెండవ ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పవచ్చును. ఆ నోటు చెల్లకపోవుట దాని దోషం కాదు. దానిని జారీ చేసిన ప్రభుత్వం ముగిసిపోయింది. దాని పూచీని మరొక ప్రభుత్వం స్వీకరించి, గడువులోగా తెచ్చినవారికి మార్పిడి చేసి, లెక్క తీర్చుకొన్నది. ముత్తాతగారు మార్చుకొనక దాచుకొన్న ఆ ఒక్క కాగితం బాకీగా కాక జ్ఞాపకంగా మిగిలింది. ఉర్దూలో అమానతు అనే మాట ఉన్నది: ఒకరు నమ్మి మన వద్ద ఉంచిన వస్తువు. ఖజానా అమానతు. పరీక్ష పత్రంపై విద్యార్థి వ్రాసే సమాధానం, పట్టా కాగితంపై కళాశాల వేసే ముద్ర కూడ అమానతులే. ఎంత మేలైన కాగితంపై అచ్చయినా, వెనుక చదువు లేని పట్టా సముద్రంలోనుండి తీసిన ఆ నోటు వంటిది.

విద్యార్థులారా! మీ జేబులోని నోటును ఒకమారు వెనుకకు త్రిప్పి చూడండి. ముందువైపున ఉన్న హిందీ, ఆంగ్లములు కాక, అక్కడి పట్టికలో పదిహేను భాషలలో దాని విలువ వ్రాసి ఉన్నది. ఆ వరుసలో చివరి రెండు తెలుగు, ఉర్దూ. నాడు బీచుపల్లి రేవు దాటిన హాలీ నోటుపై కలిసి ప్రయాణించిన ఆ రెండు భాషలు, నేటి నోటుపైనా ఒకదాని క్రింద ఒకటి ఆనుకొని కూర్చున్నాయి. మన ఈ సంచికలో వలెనే. ఆ పొరుగుతనాన్ని అమానతుగా కాపాడుకొనే బాధ్యత ఇప్పుడు మనది.